ముందు ఎడమ మూల

నిప్పు రాజేయడం, చక్రం దొర్లించడం తర్వాత నాగరికతను అంతగా మలుపు తిప్పిన ఘట్టం మరొకటుంటే, అది మా వీధి అంబులెన్సు డ్రైవరు కూర్చోబోయే ముందు కుర్చీని అరచేత్తో ఒకసారి నొక్కి చూడడమే. బస్సు సీటు గానీ, పళ్ళ డాక్టరుగారి వాలుకుర్చీ గానీ, ఏదీ ఈ పరీక్షకు అతీతం కాదు. నొక్కాలి, వదలాలి, అది ఒక్కసారి ఊగి ఊరుకుంటే కూర్చోవాలి. అత్తవారింట్లో కొత్త సోఫాను ఇలాగే నొక్కి, తల అడ్డంగా ఊపి, వెళ్ళి నేలమీద చతికిలబడ్డాడు. ఆ దెబ్బనుంచి సోఫా కోలుకుంది గానీ అత్తగారు ఇంకా కోలుకోలేదు.

అతని బండిలో పడుకున్నవాళ్ళకు గతుకులు తెలియవని పేరు. గ్యారేజీలో అందరూ దూది అంటారు.

అలాంటి దూది బండెక్కడం మానేశాడు. పాత మిల్లు దగ్గరి స్పీడ్ బ్రేకరు మీద ఒకరోజు బండి ఎగిరిపడింది. ఆసుపత్రి గుమ్మంలో స్ట్రెచరు దింపుతుంటే, పోయిన పెద్దాయన భార్య దూది ముఖంలోకి చూసి, "ఆ కుదుపుకే ప్రాణం పోయింది బాబూ" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సెలవు పెట్టాడు. సెలవు పొడిగించాడు. సోమవారానికి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. దూది సరేనని చెప్పి, బజారుకెళ్ళి రిమోట్‌తో నడిచే బొమ్మ ట్రక్కు కొనుక్కొచ్చాడు. కొండలూ గుట్టలూ ఎక్కేస్తున్నట్టు అట్టపెట్టె మీద బొమ్మ కూడా ఉంది.

"ఎవరికండీ?" అంది భార్య. ఇంట్లో పిల్లలెవరూ లేరు.

"ఒకటి చూడాలి."

"ఏంటది?"

"అంత కుదుపుకి మనిషి పోతాడా అని. పోతే, నేనిక బండెక్కను."



వరండాలో మిల్లు రోడ్డు వెలిసింది. ప్లాస్టర్‌తో చేసిన స్పీడ్ బ్రేకరు, ట్రక్కు కొలతలకు తగ్గ గుంటలు. ట్రక్కు వెనక తొట్టిలో జేబురుమాలు చుట్టి చేసిన మనిషి, అంబులెన్సులో లాగే తల క్యాబిన్ వైపు పెట్టుకుని పడుకున్నాడు. పక్కన సీసా మూత నిండా నీళ్ళు. నీళ్ళు ఒలికితే మనిషి పోయినట్టు లెక్క. మొదటి ప్రయాణంలో నీళ్ళ సంగతలా ఉంచి, మనిషే గాల్లోకి లేచి, భార్య మడతపెడుతున్న బట్టల్లో పడ్డాడు.

"పోయాడు," అన్నాడు దూది.

"తెలుస్తూనే ఉంది," అంటూ ఆమె ఆ రుమాలును కొసపట్టుకుని తిరిగిచ్చింది.

దుకాణంలో కొన్న బొమ్మకు ఉన్నవి ఉత్త స్ప్రింగులు, అవీ గట్టివి. వాటిని పీకి మెత్తనివి వేశాడు. ట్రక్కు గతుకు దాటింది గానీ, దాటాక కూడా అన్నిటికీ తలూపే కొత్తల్లుడిలా ఊగుతూనే ఉంది. ఆ ఊపు ఆపడానికి నూనె నింపే షాక్ అబ్జార్బర్లు తెచ్చాడు, వేలెడైనా లేని గొట్టాలు. చిక్కటి నూనె పోసి, బుడగలన్నీ పోయేదాకా కాడను పైకీ కిందికీ ఆడించి, మూత బిగించాడు. వాటి అడుగుకొసను, చక్రాన్ని మోసే కడ్డీ మీదున్న బయటి రంధ్రం నుంచి లోపలి రంధ్రానికి మార్చాడు. చక్రాలు ఇంకాస్త స్వేచ్ఛగా లేచి దిగసాగాయి.

ఈసారి ట్రక్కు స్పీడ్ బ్రేకరును పిల్లి గోడ దాటినట్టు దాటింది. ఒక్క చుక్క ఒలకలేదు. గోడదాకా వెళ్ళి ఆగింది.

ఆగాక, ముందు ఎడమ మూల మెల్లగా కిందికి దిగింది. ఎవరో ఆ మూలకు బరువంతా ఆనించినట్టు. దిగుతూ సన్నగా నిట్టూర్చింది. రుమాలు మనిషి తల పక్కకు ఒరిగి దూది వైపు తిరిగింది.

చేత్తో ఎత్తి సమం చేశాడు. మళ్ళీ దిగింది, మళ్ళీ నిట్టూర్చింది. ఎడమ స్ప్రింగు కుడికీ, కుడిది ఎడమకీ మార్చాడు. అదే మూల. ఆనాడు ఆ పెద్దాయన తల ఉన్నదీ ఆ వైపే.

భార్య వరండాలోకి రావడం మానేసింది. టీ కిటికీలోంచే అందించేది.

"ఆ బొమ్మ తల అటు తిప్పండి. ఇటే చూస్తోంది."

"దానికి కళ్ళెక్కడివి?"

"అదేగా నేననేది."

ఆదివారం మధ్యాహ్నం అటెండరు వచ్చాడు. బండిలో వెనక, రోగి పక్కన కూర్చునేవాడు అతనే. ఆ బండికో పద్ధతుంది. డ్రైవరు వెనక్కి తిరగకూడదు, వెనకవాళ్ళు మాట్లాడకూడదు. అటెండరు డ్రైవరుకూ వెనకవాళ్ళకూ మధ్యనున్న రేకు మీద కొడతాడు. ఒకసారి కొడితే నిదానం, రెండుసార్లు కొడితే వేగం.

"ఏంటన్నా, మిల్లు రోడ్డుని ఇంటికి తెచ్చుకున్నావ్?"

"నీళ్ళు చూడు," అంటూ దూది ట్రక్కును నడిపాడు. చుక్క ఒలకలేదు. ట్రక్కు ఆగింది, మూల దిగింది, నిట్టూర్పు వినిపించింది. అటెండరు కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"మన బండి కూడా ఇలా ఉంటే ఆయన బతికేవాడు," అన్నాడు దూది.

"ఏ ఆయన?"

"ఎవరో నీకు తెలీదా?"



"అన్నా, ఆరోజు రేకు మీద ఎన్ని కొట్టాను?"

"రెండు."

"ఊపిరున్న మనిషిని పెట్టుకుని ఆ రోడ్డులో రెండు కొడతానా? ఒక్కటి కొట్టి నిన్ను పాకించేవాణ్ణి కాదూ? ఇంటి దగ్గర ఎక్కించేసరికే పోయాడన్నా ఆయన. పక్కన ఆవిడ చేతులు రుద్దుతూ కూర్చుంది. ఇక తొందరేం లేదని ఆవిడ ముందు ఒక్కటి ఎలా కొట్టను?"

"నాతో ఒక్క మాట చెప్పలేదే."

"ఇన్నేళ్ళుగా కొడుతున్నాను, ఆమాత్రం తెలుసనుకున్నా."

ట్రక్కు ముందు ఎడమ మూల ఇంకాస్త దిగింది. నిట్టూర్పు ఈసారి పొడుగ్గా వచ్చింది. రుమాలు తల అంచుదాకా దొర్లి ఆగింది.

భార్య గుమ్మం దాటి వచ్చి, ట్రక్కును రెండు చేతులా ఎత్తి అడుగున చూసింది.

"నూనె కారుతోందండీ. స్ప్రింగుని పట్టుకునే రింగు ఆ జిడ్డుకి జారిపోతోంది. లోపల గాలి చేరి కూస్తోంది."

నేలమీద మరక తుడిచి, రుమాలు విప్పి ఉతకడానికి పడేసింది.

సోమవారం దూది డ్యూటీకెళ్ళాడు. ఎక్కేముందు డ్రైవరు సీటును అరచేత్తో నొక్కి వదిలాడు. అది చాలాసేపు ఊగింది. బండి స్ప్రింగులు పాతవే. అయినా ఎక్కి కూర్చున్నాడు.