పంక్తిలో ఆఖరి ముద్ద

1942 జూన్‌లో నన్ను పంజాగుట్టలోని ఒక ఆడపిల్లల హాస్టల్‌కు నర్సుగా వేశారు. అంతకుముందు సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి జనరల్ వార్డులో చేశాను. వార్డులో ఎవరికి ఏం జబ్బో మంచం తల దగ్గర చార్టులో రాసి ఉంటుంది. హాస్టల్లో ఉండేది ఏ జబ్బూ లేని కాలేజీ పిల్లలు కదా, అక్కడ నీకేం పని, కూర్చుని స్వెట్టర్ అల్లుకో అని తోటి నర్సులు నన్ను ఆటపట్టించారు. నేనూ నమ్మి ఊలు కొనుక్కుని మరీ పోయాను. ఆ హాస్టల్ వదిలిన రోజున కూడా ఆ ఊలు ఉండ ఉండలాగే నా పెట్టెలో ఉంది.

అప్పటి పంజాగుట్ట ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు. ఖైరతాబాద్ దాటితే గుండ్రాళ్ళ గుట్టలు, సీతాఫలం పొదలు, అక్కడొకటి ఇక్కడొకటి తోట బంగళాలు. అమీర్‌పేట ఒక ఊరు. సాయంత్రం అటు నుంచి పశువులు ఇంటికి మళ్ళుతుంటే లేచే దుమ్ము మా వరండాలోంచి కనిపించేది. హాస్టల్ అంటే ఒక పాత బంగళా. మా క్రైస్తవ సంఘంవారు అద్దెకు తీసుకుని, జిల్లాల నుంచి ఇంటర్మీడియట్ చదవడానికి వచ్చిన ఆడపిల్లలను ఉంచేవారు. సగానికి పైగా క్రైస్తవుల పిల్లలు, మిగతావాళ్ళు హిందువులు. పొద్దున్నే పరదాలు కట్టిన బస్సు వచ్చి వాళ్ళను పట్నంలోని కాలేజీకి తీసుకుపోయేది. అక్కడ పాఠాలన్నీ ఉర్దూలో. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తెలుగు చదివి వచ్చిన పిల్లలు శరీరశాస్త్రం, రసాయనశాస్త్రం ఉర్దూలో బట్టీ పట్టాలి. సాయంత్రం గుట్ట మీద తలా ఒక రాయి పంచుకుని కూర్చుని గొంతెత్తి చదివేవాళ్ళు. ఆ చదువు మోత ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నా పైన సూపరింటెండెంటు గ్రేసమ్మ గారు. గుంటూరు వైపు మనిషి, మాట కరుకు, చేత శుభ్రం. వారానికోసారి పట్నం నుంచి డాక్టరు గారు వచ్చి పిల్లలను చూసేవారు. మిగతా రోజులు మందుల బీరువా తాళం నాదే. పొద్దున బస్సు రాకముందు ఒక గంట డిస్పెన్సరీ. నెలకోసారి శనివారం నాడు అందరినీ తూకం వేయాలి. కడ్డీ మీద గుండు జరిపి చూసే తూకం అది. ఎవరి బరువైనా వరసగా మూడు నెలలు తగ్గితే డాక్టరుకు చూపించి ఇంటికి పంపేయడం రూలు. ఆ రోజుల్లో క్షయ అంటే అంత హడలు. దానికి ఇప్పటి మందులు అప్పుడు లేవు. ఒక పిల్లకు అంటుకుంటే హాస్టలే మూసుకోవలసి వస్తుందని గ్రేసమ్మ గారి భయం. ఆ భయం తప్పని నేననను.

దసరా సెలవుల తర్వాత నా డిస్పెన్సరీ ముందు బారు మొదలైంది. ఒకరికి కడుపులో మంట, ఒకరికి తేన్పులు, ఒకరికి తిన్నది గొంతులోనే ఉన్నట్టుంటుంది. పిప్పర్‌మెంటు వాసన వచ్చే తెల్లటి మిక్స్చరు సీసాలకు సీసాలు ఖాళీ అయ్యేది. పరీక్షల భయం కడుపులో కూర్చుంటుందని డాక్టరు గారన్నారు. ఆయన చెప్పినది సబబే. కానీ ఆ భయం కడుపులోకి ఏ దారిన దిగుతున్నదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ బారులో ఎన్నడూ నిలబడని పిల్ల రాజమణి. మెదక్ జిల్లాలో కౌలుకు సేద్యం చేసుకునేవాళ్ళ బిడ్డ. ఊరి బడిలో పంతులమ్మ చెయ్యి పట్టుకుని పైకి తెచ్చిన పిల్ల. సంఘంవారి ఉపకారవేతనం మీద చదువుతున్నది, వైద్యం చదవాలని కోరిక. మధ్యలో ఇంటికి పోతే వేతనం ఆగిపోతుంది, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ పిల్ల బరువు అక్టోబరులో తగ్గింది, నవంబరులో ఇంకా తగ్గింది. దగ్గు లేదు. సాయంత్రం జ్వరం కొలిచి చూశాను, లేదు. డాక్టరు గారు ఛాతీ విని శుభ్రంగా ఉందన్నారు. తింటున్నావా అని ఆయన అడిగారు, గ్రేసమ్మ గారడిగారు, నేనూ అడిగాను. తింటున్న అని ముగ్గురికీ ఒకటే జవాబు చెప్పింది.

డిసెంబరు శనివారం తూకం నాడు రాజమణి అందరికంటే వెనక వచ్చింది. పీట మీద కాలు పెట్టగానే కడ్డీ ఠక్కున లేచింది. ఒక్క నెలలో అంత బరువు ఏ పిల్లకూ పెరగదు. దిగు బిడ్డా అన్నాను. దిగుతుంటే నడుము దగ్గర చీర కుచ్చిళ్ళు ఒక పక్కకు జారాయి. చెయ్యి పెట్టి చూస్తే గుడ్డలో మూట కట్టిన గుట్ట రాయి. పంజాగుట్టలో రాళ్ళకేం కొదువ. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ పిల్ల మాత్రం నా రెండు చేతులు పట్టుకుని, "ఇంటికి పంపకుండ్రి సిస్టరమ్మా. పోతే మల్ల నన్ను ఎవ్వరు పంపరు. నాకు ఏ బీమారి లేదు, మీ కాళ్ళు మొక్కుత," అని ఏడ్చింది.

రాయి విప్పించి మళ్ళీ తూచాను. మూడో నెల కూడా తగ్గింది. ఉన్నదున్నట్టు గ్రేసమ్మ గారికి చెప్పాను, రాయి సంగతి తప్ప. పిల్ల తెలివైనది, నాకు మాత్రం మనసొప్పుతుందా, కానీ మిగతా పిల్లల సంగతేంటి అన్నారామె. ఛాతీ శుభ్రంగా ఉంది గనుక జనవరి తూకం వరకు ఆగమని బతిమాలాను. డాక్టరు గారు ఒప్పుకుంటే సరేనన్నారు. ఆయన ఒప్పుకున్నారు. అప్పటికీ తగ్గితే మాత్రం ఇక ఎవరూ మాట్లాడకూడదని గ్రేసమ్మ గారు ఖాయం చేశారు. అట్లా నా చేతికి ఒక నెల దొరికింది, ఏం చేయాలో మాత్రం పాలుపోలేదు.

మర్నాడు వంటమనిషి ఎల్లవ్వ దోసెడు బియ్యం తక్కువ పోయాలా అని నన్ను అడిగింది. పరీక్షలొస్తున్నాయంటే పిల్లలకు ఆకలి చస్తదా ఏంది, వండింది వండినట్టే మిగులుతున్నది అని గొణిగింది. నేను ఆ పిల్లలతో కలిసి ఎన్నడూ తినలేదని నాకు అప్పుడు తట్టింది. నా భోజనం నా గదికి వచ్చేది. గ్రేసమ్మ గారికి చక్కెర జబ్బు, ఆమె పథ్యం ఆమె గదిలోనే. పిల్లలు తినేటప్పుడు పెద్దవాళ్ళు ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఆ సాయంత్రం నా కంచం నేనే పట్టుకుపోయి పంక్తి చివర కూర్చున్నాను.

అన్నం, పప్పు, పచ్చిపులుసు వడ్డించారు. భోజనానికి ముందు ప్రార్థన, తర్వాత కృతజ్ఞతా ప్రార్థన మా ఆచారం. రెండో ప్రార్థనలో ఆమెన్ అన్నాక ఇక ముద్ద నోట పెట్టకూడదు. హిందువుల పిల్లలు ప్రార్థన చేయకపోయినా ఆ ఆమెన్‌కు అందరితోపాటే లేచేవాళ్ళు. ఆ ప్రార్థన ఎత్తుకునేది పంక్తిలో అందరికన్నా పెద్ద పిల్ల. అప్పట్లో సలోమి. దసరా సెలవుల తర్వాత సలోమికి చదువు పిచ్చి పట్టింది. పుస్తకం బాసింపట్టు వేసిన కాళ్ళ కింద దాచుకుని తినేది. ముద్ద మీద ముద్ద తోసేసి, మంచినీళ్ళు గటగటా తాగి, చివర నేనున్నది గమనించకుండానే కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకుంది. నేనింకా పప్పు కలుపుకుంటున్నాను. చుట్టూ చూస్తే పిల్లలంతా సలోమితో పందెం వేసుకున్నట్టు నమలకుండా మింగుతున్నారు. ఆమెన్‌కు ముందు కంచం ఖాళీ చేయలేకపోయినవాళ్ళు అన్నం వదిలేసి లేచారు. రాజమణి కంచంలో సగానికి పైగా అన్నం ఉంది.

రాత్రికి రాత్రే నిలదీయలేదు. పొద్దున బస్సు రాకముందు పిలిచి, ఎందుకు ఆగి తినలేదు అని అడిగాను. ఆ పిల్ల నా ముఖం వైపు వింతగా చూసింది. వాళ్ళింట్లో మగవాళ్ళు తిన్నాక, అమ్మా, అక్కలూ, తనూ కూర్చుని ముచ్చట పెట్టుకుంటూ నింపాదిగా తినేవాళ్ళట. తొందరగా తినడం అసలు రాదట. "ఆమెన్ అయినంక తింటే దేవునికి బాగుండదు గదా సిస్టరమ్మా. ఆమెన్ కాకముందు జర ఆగుమంటే, నా ఒక్కదాని కోసం గంతమంది చేతులు ఎండబెట్టుకుని కూసుంటరు. గట్ల కూసుంటే నాకు ముద్ద మింగుడు పడతదా?" అంది. మేం ముగ్గురం తింటున్నావా అని అడిగామే గానీ, కడుపు నిండుతున్నదా అని ఒక్కరం అడగలేదు. ఆ పిల్ల మాకు అబద్ధం చెప్పలేదు.

సలోమిని పిలిచి మందలించవచ్చు. కానీ దానివల్ల రాజమణి పేరు బయటపడుతుంది, ఆ పిల్ల ఇంకా ముడుచుకుపోతుంది. సలోమి తప్పు మాత్రం ఏముంది, చదువుకుంటానంటే కాదంటామా. ఆలోచిస్తే మా ఆచారమే ఒక దారి చూపించింది. పెద్దవాళ్ళు పంక్తిలో ఉండగా చిన్నవాళ్ళు ప్రార్థన ఎత్తుకోరు. ఆ రోజు నుంచి రెండు పూటలా నా కంచం పట్టుకుని పోయి పంక్తి మొదట్లో, సలోమి పక్కనే కూర్చున్నాను. ఆమెన్ నా చేతికి వచ్చింది. అప్పటినుంచి ఆ హాస్టల్లో నాకంటే నిదానంగా తినే మనిషి లేదు.

మొదటి వారం పిల్లలకు నా మీద ఎంత కోపమో చెప్పలేను. సలోమి కంచం ఖాళీ చేసి నా వేళ్ళ వైపు చూస్తూ కూర్చునేది. పుస్తకం తీయబోతే చూశాను, లోపల పెట్టేసింది. నేను చింతకాయ తొక్కు అద్దుకుంటూ, ఎల్లవ్వను అడిగి ఇంకో గరిటె వేయించుకుంటూ, ఆరాం‌గా తిన్నాను. ఊరికే కూర్చోలేక ఒకరితో ఒకరు గుసగుసలు మొదలుపెట్టారు. తర్వాత మాటలు, తర్వాత నవ్వులు. బస్సు పరదా గాలికి లేచిన సంగతి, రసాయనశాస్త్రం ఉస్తాద్ గారు ముక్కుపొడి పీల్చి తుమ్మే తీరు, ఊళ్ళో మేనమామ పెళ్ళి, అన్నీ ఆ పంక్తిలోకే వచ్చేవి. ఆ గోల విని గ్రేసమ్మ గారు తలుపు దగ్గరికి వచ్చారు.

"ఏంటి సిస్టర్ గారూ, ఇది భోజనమా, మహాసభా? నెత్తి మీద పరీక్షలున్నాయి," అన్నారు.

భోజనాలయ్యాక ఆమెను డిస్పెన్సరీకి తీసుకుపోయి మిక్స్చరు సీసా చూపించి, నిండుగా ఉందా లేదా చూడండమ్మా అన్నాను. అప్పటికి నా డిస్పెన్సరీ ముందు బారు సగానికి పడిపోయింది. ఆమె సీసా వైపు, నా వైపు చూసి, సరే కానివ్వండి, జనవరి తూకం కూడా ఉంది, మరిచిపోకండి అని వెళ్ళిపోయారు. మరిచిపోవడం ఎక్కడిది. నాకు రోజూ అదే దిగులు. రాజమణి తింటున్న మాట నిజమే, కానీ ఆ పిల్ల కళ్ళు ఇంకా నా కంచం మీదే ఉండేవి. నేను ఆఖరి ముద్ద ఎత్తగానే తను చెయ్యి ఆపేసేది. అందుకని నేను ఆ ఆఖరి ముద్దను కంచమంతా తిప్పుతూ ఉండేదాన్ని.

జనవరి తూకానికి గ్రేసమ్మ గారు, డాక్టరు గారు ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. పీట ఎక్కకముందు రాజమణి తనంతట తానే చీర కుచ్చిళ్ళు విదిలించి నాకు చూపించింది. ఎందుకట్లా చేసిందో ఆ ఇద్దరికీ అర్థం కాలేదు. గుండు జరిపాను. పోయిన నెల గుర్తు దగ్గర కడ్డీ నిలవలేదు, ఇంకా ముందుకు జరపవలసి వచ్చింది. పెరిగింది కొంచెమే. గ్రేసమ్మ గారు నన్ను పక్కకు తప్పించి తానే గుండు వెనక్కి, ముందుకు జరిపి చూసుకున్నారు. తర్వాత ఆ పిల్ల వీపు తట్టి, పోయి చదువుకో అన్నారు.

పరీక్షలకు ముందురోజు మధ్యాహ్నం భోజనానికి అందరం కూర్చున్నాం. ఆ రోజు పిల్లలు మాట్లాడలేదు, ముఖాలు పాలిపోయి ఉన్నాయి. నేను ఎంత నిదానించినా నా కంచం కూడా ఖాళీ అయింది. ఇక ప్రార్థన ఎత్తుకుందామని కళ్ళు మూసుకోబోతుండగా రాజమణి తల ఎత్తి, "జర ఆగుండ్రి సిస్టరమ్మా, నాది కాలే," అంది. పంక్తంతా వినపడేటట్టు అంది. ఎల్లవ్వను పిలిచి ఇంకొంచెం అన్నం వేయించుకుంది. సలోమి పచ్చిపులుసు గిన్నె ఆ పిల్ల వైపు జరిపింది. అందరం చేతులు ఎండబెట్టుకుని కూర్చున్నాం. రాజమణి ఆఖరి ముద్ద మింగి, నీళ్ళు తాగి, నా వైపు చూసి తల ఊపాక ఆమెన్ చెప్పాను.

ఆ తర్వాత చాలా చోట్ల పనిచేశాను, మేట్రన్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు ఆ బంగళా లేదు. గుట్టలు పగలగొట్టి ఇళ్ళు కట్టారు. అమీర్‌పేటలో టిఫిన్ బండ్ల దగ్గర చదువుకునే పిల్లలు ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో ప్లేటు పట్టుకుని నిలబడి మింగేస్తుంటే చూసినప్పుడు నాకు ఆ పంక్తి మీద బెంగ పుడుతుంది. కొత్త చోటికి పోయిన ప్రతిసారీ నేను ఒక పద్ధతి పాటించాను. మందుల బీరువా తాళం చేతికి తీసుకోకముందే, అక్కడివాళ్ళతో ఒక పూట కూర్చుని తినేదాన్ని. ముందు ఎవరు లేస్తున్నారో, ఎవరి కంచంలో మిగులుతున్నదో చూసేదాన్ని. బరువు తగ్గిన మనిషిని తింటున్నావా అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు అందరూ అవుననే అంటారు.