మొగిలి మోయనన్న బస్తా

వరంగల్ గింజల మార్కెట్లో నిండు వడ్ల బస్తాను ఒంటరిగా వీపుకెత్తుకుని లారీ ఎక్కించే హమాలీగా మొగిలికి పెద్ద పేరు. ఆ పేరే అతన్ని ముంచింది.

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో గజ్జల్లో పేగు జారితే దవాఖానలో కోసి కుట్టారు. కుట్లు విప్పారో లేదో వడ్ల కాలం వచ్చింది. "మొగోనివి, గింతదానికే పండుకుంటవా?" అని హమాలీల మేస్త్రి రామలింగం కబురంపాడు. రోషానికి మొగిలి పనిలోకి పోయి బస్తాలెత్తాడు. ఏడాది తిరగకముందే, దగ్గినప్పుడల్లా అదే చోట గడ్డ పొడుచుకొచ్చింది.

రెండోసారి కోసిన డాక్టరమ్మ ఈసారి గట్టిగానే చెప్పింది. "కుట్టుడు నా పని, కాపాడుకునుడు నీ పని. బీడీ బంద్ చెయ్యి, దగ్గు తగ్గుతది. ఆకుకూరలు తిను, నీళ్లు బాగా తాగు, దొడ్డికి పోయినప్పుడు ముక్కద్దు. మూడు నెలలు బరువే ముట్టకు. ఆ తర్వాత గూడ పెద్ద బస్తా ఒక్కనివే ఎత్తకు."

అతని చేతిలోని బీడీల కట్టను భార్య యాకమ్మ ఆ రోజే పొయ్యిలో పడేసింది. ఆమె కూలి మీదే ఇల్లు గడిచింది.

మూడు నెలలు దాటాక మొగిలి పనిలోకి వస్తే, రామలింగం నిండు బస్తా చూపించాడు.

"ఎత్తుత. ఇంకొకలు పట్టాలె" అన్నాడు మొగిలి.

"ఇద్దరు మోస్తే సగం కూలే."

"సగమే ఇయ్యి. నా పానం మాత్రం నీకియ్య."

"గాజులు తొడుక్కోరాదురా!"

అందరూ పకపకా నవ్వారు. అందరికంటే గట్టిగా తోటి హమాలీ ఉప్పలయ్య నవ్వాడు. మొగిలి వాళ్ల వైపు తిరిగాడు.

"నవ్వుర్రి. మీరు నవ్వుతరనే అప్పుడు ఎత్తిన. కోతలు నాకే పడ్డయి, మీకు కాదు!"

రామలింగం అతన్ని ముఠాలోంచి తీసేశాడు. మొగిలి మార్కెట్ వదల్లేదు. ఆడవాళ్ల పక్కన కూర్చుని బస్తాల మూతులు కుట్టాడు. ఎవరేమన్నా తల దించలేదు.

కొన్నాళ్లకు ఉప్పలయ్యే వచ్చి పక్కన కూలబడ్డాడు. "అన్నా, నాక్గూడ గజ్జల్ల ఉబ్బుతాంది. ఎవలకు చెప్పలే."

మొగిలి ఎత్తిపొడవలేదు. దవాఖానకు తోలుకపోయాడు. అతను కోలుకున్నాక ఇద్దరూ కలిసి రామలింగం ముందు నిలబడ్డారు. "ఒక బస్తాకు ఇద్దరం. ఇష్టముంటే పెట్టుకో." కోతల కాలం, మనుషులు దొరకడం లేదు. మేస్త్రి గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

మొగిలికి ఆ గడ్డ మళ్లీ రాలేదు. "జోడెడ్లు వస్తానయి" అని ఎవరైనా వెక్కిరిస్తే నిలబడి అడిగేవాడు: "ఔ, జోడెడ్లమే. ఒంటెద్దుకు బండి కట్టి గింత బరువేసే రైతును ఏడన్న చూసినవా?"