గుండ్ల వరుస మధ్యలోంచి సైకిల్

తిరుపతిలో సైకిల్ ఎలా తొక్కాలో ఒకప్పుడు నేను అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పాఠాలు చెప్పేవాణ్ణి. అడగనివాళ్ళే ఎక్కువ. ఆఫీసులో నన్ను 'సైకిల్ అయివారు' అని పిలిచేవాళ్ళు. మా వైపు బడిపంతులును అయివారు అంటారు కాబట్టి అదేదో గౌరవమనుకుని లోలోపల ఉబ్బిపోయేవాణ్ణి. అది వెక్కిరింపని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

డెబ్బైల చివరి సంగతి ఇది. చిత్తూరు నుంచి బదిలీ మీద వచ్చి ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. పెళ్ళి కాలేదు. చెవులు మూసే జుట్టు, బెల్‌బాటం ప్యాంటు, ఎవరో వాడి వదిలేసిన సైకిల్, ఇదీ నా ఆస్తి. ప్యాంటు అంచు చైనులో పడకుండా కుడికాలికి క్లిప్పు పెట్టేవాణ్ణి. క్లిప్పు పెట్టాక ఒక కాలు గొట్టంలాగా, రెండో కాలు పావడాలాగా ఉండేది. ఆ అవతారంతో గాంధీ రోడ్డు మీద పోతుంటే ఊరంతా నన్నే చూస్తోందనుకునేవాణ్ణి. చూసే ఉంటారు లెండి.

ఊళ్ళో రైలు గేటు పడిందంటే అటూ ఇటూ అన్నీ ఆగిపోయేవి. బస్సులు, లారీలు, జట్కాలు, వాటి మధ్య ఇరుక్కున్న ఎద్దుల బండ్లు. ఆ ఆగిన బండ్ల పక్కనుంచి, కాలు కింద పెట్టకుండా, ఎవరికీ తగలకుండా గేటు దాకా చేరడమే నా విద్య. ఆగిన బస్సును దాటేటప్పుడు బస్సు వైపు కాదు, బస్సు కిందకు చూడాలి అని చెప్పేవాణ్ణి. అవతల కాళ్ళు కనిపించాయంటే అవి కాసేపట్లో బస్సు ముందునుంచి ఇవతలికి వస్తాయి. లారీ డ్రైవరు మోచెయ్యి కిటికీ మీద ఉన్నంతసేపూ భయం లేదు. మోచెయ్యి లోపలికి పోయిందంటే తలుపు తెరుచుకోబోతుందని లెక్క. బెల్లు కొట్టకూడదు. బెల్లు కొడితే మనిషి తప్పుకోడు, ఎవడ్రా వాడు అని వెనక్కి తిరిగి, తిరగడంలో సరిగ్గా మన చక్రం ముందుకే వస్తాడు. ఇక కొండ దిగి వచ్చిన బస్సయితే కిటికీల దరిదాపులకు పోకూడదు. అన్ని మలుపులు తిరిగి వచ్చినవాళ్ళ కడుపులో ఉన్నది ఎప్పుడు బయటికొస్తుందో వాళ్ళకే తెలియదు. ఈ చివరి పాఠం మాత్రం నేను అనుభవంతో నేర్చుకున్నాను. పై అధికారి తనిఖీకి వచ్చిన రోజున, కొత్త తెల్ల చొక్కా మీద.

వీటన్నిటికంటే ముఖ్యమైనది యాత్రికుల వెనక పోవడం. ఇళ్ళ సందులోంచి కొండ కనిపిస్తే చాలు, రోడ్డు మధ్యలో ఉన్నా సరే ఉన్నపళంగా నిలబడి, రెండు చేతులూ ఎత్తి గోవిందా అంటారు. వెనక ఎవరొస్తున్నారో వాళ్ళకు పట్టదు, పట్టాల్సిన పనీ లేదు. అందుకని కొండ ఏయే చోట్ల కనిపిస్తుందో సైకిల్ తొక్కేవాడికి తెలిసి ఉండాలి. నాకు తెలుసు. ఆ చోట్లు రాగానే వేళ్ళు వాటంతట అవే బ్రేకు మీదికి పోయేవి.

ఇంత తెలిసినవాణ్ణి పంచె సంగతి పట్టించుకోలేదు. పల్లెల నుంచి గుంపుగా వచ్చేవాళ్ళు జనంలో తప్పిపోకుండా పాత పంచెలో చీరలో ముడేసి, ఆ పొడుగు గుడ్డను ఒకరి వెనక ఒకరు పట్టుకుని నడుస్తారు. ముందు దారి తెలిసిన పెద్దమనిషి ఉంటాడు, తక్కినవాళ్ళు గుడ్డ ఎటు లాగితే అటు పోతారు. ఊళ్ళో పుట్టి పెరిగినవాడు అలాంటి వరుస అడ్డం వస్తే సైకిల్ దిగి నిలబడతాడు. నేను చిత్తూరువాణ్ణి, పైగా అయివారిని.

ఎండాకాలం, మధ్యాహ్నం. భోజనానికి గదికి పోతుంటే గేటు పడింది. ఎప్పటిలాగే బండ్ల సందుల్లోంచి దూరుకుంటూ పోయాను. ఒక బస్సు కింద కాళ్ళు కనిపించాయి, నెమ్మదించాను. బస్సు ముందునుంచి వరసగా గుండ్లు బయటికొచ్చాయి. ఆడా మగా అందరూ గుండ్లే, అన్నిటి మీదా గంధం. ఒక్కొక్కరే రోడ్డు దాటుతున్నారు. కడపటి ముసలామె కాస్త వెనకబడింది. ఆమెకూ ముందున్న మనిషికీ మధ్య రెండు బారల ఖాళీ. ఇంకొకడైతే ఆగేవాడు. నేను ఆ ఖాళీని మెచ్చుకుంటూ, హ్యాండిల్ ఇంచుమించు కదపకుండా, నా విద్యంతా చూపిస్తూ అందులోకి పోనిచ్చాను.

ఖాళీలో పంచె ఉంది. కిందికి వేలాడుతోంది కాబట్టి నాకు కనిపించలేదు. అది హ్యాండిల్‌కు చుట్టుకుంది, సర్రున చినిగింది, నేను పోయి జట్కా గుర్రం ముందున్న గడ్డి మీద పడ్డాను. గుర్రం నన్నొకసారి చూసి, నా భుజం కిందున్న గడ్డిని లాక్కుని నమలడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే గేటు లేచింది. హారన్లు, అదిలింపులు, దుమ్ము. నేను లేచి సైకిల్‌ను పక్కకు లాగేసరికి ఆ వరుస బండ్ల మధ్యలో కలిసిపోయింది. రోడ్డు ఇవతల నేనూ, మణికట్టుకు చినిగిన పంచె ముక్క కట్టుకున్న ముసలామే మిగిలాం.

"సూసుకోని రాకూడదా నాయనా?" అంది.

"సూసినానవ్వా. పంచె కనపళ్ళేదు."

"అంత పంచె కనపళ్ళేదా?" అని, కోపం లేకుండా నా మోచేతి మీది దెబ్బను చూసింది. తర్వాత రోడ్డు అవతలికి చూసింది. అప్పుడు ఆమె మొహం మారింది. "మావోళ్ళు యాడ?"

బండ్లన్నీ కదిలి పోయాక చూస్తే అవతల ఎవరూ లేరు. సత్యవేడు పక్క పల్లె వాళ్ళది. ఆ మధ్యాహ్నం బస్సుకే తిరిగి పోవాలట, అది పోతే మళ్ళీ మరుసటి రోజేనట. ఆమె భయం మాత్రం బస్సు గురించి కాదు, మొగుడి గురించి.

"ముందర పంచె పట్టుకోని పోతా ఉండింది మా ఆయప్పే. నేను కనపడకపోతే బస్సెక్కడు నాయనా. నడిరోడ్డులో కూసుంటాడు. ఎండలో పడిపోతాడు. నన్ను ఆయప్ప కాడికి తోడుకోని పో."

"ఆయన ముందరుంటే నువ్వు కడాన ఎందుకుండావవ్వా?"

"నేను మెల్లగా నడుస్తా. ముందరుంటే అందరికీ అడ్డం."

క్యారియర్ మీద కూర్చోమన్నాను. ఈ వయసులో సైకిలెక్కితే ఊరోళ్ళు నవ్వుతారంది. ఊరోళ్ళు కనిపిస్తే కదా నవ్వేది అన్నాను. ఆ మాట నిజమే అనిపించిందేమో, కొంగు నడుముకు దోపుకుని ఎక్కి కూర్చుంది. తొక్కే ధైర్యం నాకు లేదు. హ్యాండిల్ పట్టుకుని నడిపించుకుంటూ బస్టాండు దారి పట్టాను. క్లిప్పు ఎక్కడో ఊడిపోయింది, ప్యాంటు అంచు చినిగి కాలి చుట్టూ కొట్టుకుంటోంది. మా ఆఫీసు వాళ్ళెవరూ ఆ దారిలో రాకూడదని మొక్కుకున్నాను.

నా పాఠాల్లో ఒక్కటీ పనికిరాలేదు. మనుషుల మధ్యలోంచి ఒంటరిగా జారిపోవడం వేరు, వెనక ఒక ప్రాణాన్ని కూర్చోబెట్టుకుని నడవడం వేరు. ఆగిన ప్రతి జట్కా వెనకా ఆగాను. జీవితంలో మొదటిసారి బెల్లు కొట్టాను. మనిషి తిరిగి సరిగ్గా చక్రం ముందుకొచ్చాడు. దానికి తోడు, కొండ కనిపించిన ప్రతి చోటా వెనక అవ్వ రెండు చేతులూ వదిలేసి గోవిందా అనేది. సైకిల్ పక్కకు ఒరిగిపోయేది.

"ఒక చెయ్యన్నా పట్టుకో అవ్వా, పడిపోతావు."

"ఒంటి చేత్తో మొక్కుతారా యాడన్నా?"

కొండ కనిపించే చోట్లు నాకు తెలుసు కాబట్టి, అవి రాకముందే సైకిల్ ఆపి, ఆమె మొక్కుకున్నాక కదిలేవాణ్ణి. నా విద్యలో మిగిలింది అదొక్కటే.

దారిలో ఒక టీ అంగడి ముందు ఆగి, గుండ్లు కొట్టించుకున్న గుంపేదైనా ఇటు పోయిందా అని అడిగాను. అంగడాయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"గుండ్లు లేని గుంపు ఏదన్నా ఉంటే సెప్పప్పా, గుర్తుపెట్టుకోనుంటా."

అవ్వ మాత్రం దారి పొడుగునా ఆయన గురించే చెబుతూ వచ్చింది. ఆమె పుట్టింటికి పోతే రెండో రోజే వెనకాలే వచ్చేవాడట. ఆమె వడ్డిస్తే తప్ప తినడట, కోడలు పెట్టిన అన్నం ముట్టడట. ఇప్పుడు ఎంత ఏడుస్తున్నాడో, ఎవరినెవరిని తిడుతున్నాడో అని బెంగపెట్టుకుంది. నేను నడక నెమ్మదించాను.

"కొడతాడా అవ్వా?"

"కొడతాడు నాయనా. కోపమొస్తే చెయ్యి ఊరుకోదు. మనసు మంచిది."

ఆయన మనసు గురించి నేను అడగలేదు. అక్కడ్నుంచి బస్టాండు దాకా, ముందు కాళ్ళు పట్టుకుని తర్వాత విషయం చెప్పాలా, లేక విషయం చెబుతూనే కాళ్ళు పట్టుకోవాలా అని ఆలోచించాను. ఆయన ఎడమచేతివాటం మనిషా కుడిచేతివాటమా అని కూడా అడుగుదామనుకున్నాను, ఎటు తప్పుకోవాలో తెలుస్తుందని. మరీ అల్పంగా ఉంటుందని మానుకున్నాను.

నడిరోడ్డులో ఏ పెద్దాయనా కూర్చుని లేడు. బస్టాండు వచ్చింది. బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. ఏ కిటికీల పక్కకు పోవద్దని ఇన్నాళ్ళూ లోకానికి చెప్పానో, ఆ కిటికీల కిందుగానే తల పైకెత్తి చూసుకుంటూ నడిచాను. ఒక చోట కమలాపండు తొక్కలు నెత్తిన పడ్డాయి. దులుపుకుని ముందుకు పోయాను. సత్యవేడు బస్సు చివర్లో ఉంది, ఇంజను ఆడుతోంది. కిటికీలోంచి గంధం పూసుకున్న గుండొకటి బొరుగులు తింటూ మమ్మల్ని చూసింది.

"ఏమ్మే, కిందుండావా నువ్వు? ముందరే ఎక్కి కూసున్నావనుకుంటిమే!"

అవ్వ సైకిల్ మీది నుంచి జారి దిగింది. "మా ఆయప్ప యాడ? యాడుండాడు? ఏడుస్తా ఉండాడా?"

"ఎందుకు ఏడ్సేది?" అంది ఆ కిటికీలో మనిషి, ఇంకో గుప్పెడు బొరుగులు నోట్లో వేసుకుంటూ. "లోపలుండాడు, పో."

సైకిల్‌ను స్తంభానికి ఆనించి అవ్వ వెనకే నేనూ ఎక్కాను. దెబ్బలు తినడానికే ఎక్కాను. పెద్దాయన ఇద్దరి సీటులో ఒక్కడే అడ్డంగా పడుకుని, మొహం మీద టవలు కప్పుకుని గురక పెడుతున్నాడు. పడుకుని చాలాసేపయినట్టుంది. ఎవరో ఆయన్ను దాటుకుంటూ పోయి మూటలు సర్దుకున్నారు, ఆయన కదల్లేదు. అవ్వ సీటు పక్కన నిలబడిపోయింది. నడవలోకి వచ్చేవాళ్ళు ఆమెను తోసుకుంటూ పోతున్నారు.

నాకు ఒళ్ళు మండింది. నేను చేసిన ఘనకార్యం అంతా మరిచిపోయి, ఆ టవలు లాగి అవతల పారేద్దామనుకున్నాను. "ఏమయ్యా..." అని మొదలుపెట్టానో లేదో, అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అరవబాక నాయనా. ఎండలో తిరిగినాడు గదా, అలిసిపోయినాడు."

నా వైపు చూడకుండా అంది. దారంతా ఆయన దెబ్బలకు భయపడుతూ వచ్చాను. ఆ క్షణంలో ఆయన లేచి నన్ను నాలుగు తన్ని ఉంటే ఎంత బాగుండేదో. వంగి నిలబడేవాణ్ణి. ఆమె చెప్పినదాంట్లో సగమైనా నిజమైతే చాలనిపించింది, ఏడుపొచ్చింది.

అవ్వ వంగి ఆయన రెండు కాళ్ళనూ మెల్లగా పైకెత్తింది. సీటు అంచున చోటు చేసుకుని కూర్చుని, ఆ కాళ్ళను ఒడిలో పెట్టుకుంది. కండక్టరు ఎక్కేవాళ్ళు ఎక్కండని కేకేశాడు. ఆ కేకకు పెద్దాయన కాస్త కదిలాడు.

"వచ్చినావా?" అన్నాడు, టవలు తియ్యకుండానే.

"వచ్చినా," అంది అవ్వ, జారిన టవలును ఆయన మొహం మీదికి సర్దుతూ. "నేను యాడికి పోతా?"