దివాన్ వారి ఎండ షికారు

మా ముత్తాత వీరరాఘవయ్య గారు బందరు కాలువ మీద పడవలో వస్తుంటే లాకుల దగ్గర మిగతా పడవలన్నీ పక్కకు తప్పుకునేవి. మా తాత శోభనాద్రి గారు కలెక్టరు వచ్చినా కుర్చీలోంచి లేవలేదు. మోకాళ్ల నొప్పులని గిట్టనివాళ్లు అంటారు, నమ్మకండి. అంతటి వంశం పరువును కొన్నేళ్ల కిందట భవానీపురం తారురోడ్డు మీద మినపట్టులా కాల్చినవాణ్ణి నేనే. నీడపట్టున కూర్చుని చదవండి.

మా కుక్క పేరు దివాన్. పుట్టింది మున్సిపాలిటీ కుళాయి వెనకే అయినా, మా ఇంట్లో అన్నం తిన్నాక దానికీ వంశగౌరవం అబ్బింది. పొద్దున్నే కాలనీ కుక్కలన్నీ యజమానులను ఈడ్చుకుంటూ కృష్ణ ఒడ్డుకు షికారు పోతాయి. ఆ గుంపులో మా దివాన్ నడవడమా? అందరూ ఇళ్లకు చేరి, రోడ్డు ఖాళీ అయ్యాకే బయలుదేరాలని నా నియమం. అంటే మిట్టమధ్యాహ్నం. అదీ మే నెలాఖరున. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ఇంట్లో రోలు భద్రంగానే ఉంది, బుర్రే పగిలింది.

నా భార్య సుభద్ర వద్దంది. వడదెబ్బ తగులుతుందని, గిన్నెడు చన్నీళ్లు పెట్టి వరండాలో పడుకోనివ్వమని చెప్పింది. వడదెబ్బ సంగతి నాకు తెలియదా? అందుకే పెద్ద నల్లగొడుగు తెరిచి దివాన్ నెత్తిన పట్టుకుని మరీ కదిలాను.

వీధి మలుపు తిరిగేసరికి అది ఒక కాలెత్తి ఒక కాలు దించుతూ నడవసాగింది. రాజసం అనుకున్నాను. ఇంకొంచెం దూరం పోయాక మూలిగి మొరాయించింది. నేను గొలుసు లాగుతుండగా మా బావమరిది మురళి వచ్చి స్కూటరు ఆపాడు.

"బావగారూ, దాని కాళ్లు కాలుతున్నాయండీ."

"గొడుగు కనపడట్లేదా?"

"గొడుగు నెత్తికండీ. రోడ్డేమో కాళ్ల కింద ఉంది. ఓసారి మీరు చెప్పులు విప్పి నిలబడండి, తెలుస్తుంది."

"మా వంశంలో ఎండకు జడిసినవాడు లేడోయ్" అని విప్పేశాను.

పెనం మీద నీటిచుక్క పడితే ఏమవుతుందో మీకు తెలుసు. నేనూ చుయ్యిమన్నాను, కాకపోతే లోలోపల. ముఖాన చిరునవ్వు మాత్రం చెదరనివ్వలేదు.

"ఎలా ఉందండీ?"

"గోరువెచ్చగా ఉంది."

"ఒక వైపు కాలినట్టుంది, తిరగేయమంటారా?"

ఇక చాలని చెప్పుల కోసం చూస్తే అవి ఖాళీగా లేవు. నాలుగు కాళ్లూ దగ్గరికి ముడుచుకుని దివాన్ వాటి మీద నిలబడి ఉంది. దింపబోతే గుర్రుమంది. నా చేతిలోని గొడుగు ఇంకా దాని నెత్తినే ఉంది.

"కదలకండి బావగారూ" అన్నాడు మురళి. "దొరగారెవరో, గొడుగు పట్టే మనిషెవరో ఇవాళ్టికి తేలిపోయింది."

ఇంటికి స్కూటరు మీద ఊరేగాం. ముందు దివాన్, వెనక కాళ్లు గాల్లోకి చాపుకుని నేను. మా వీధిలో ఇన్ని కిటికీలున్నాయని ఆ పూటే తెలిసింది. సుభద్ర బకెట్టుతో నీళ్లు తెచ్చి ముందు దివాన్ పాదాలు తడిపింది. వాటికి బొబ్బలు లేవని తేల్చుకున్నాక, మిగిలిన నీళ్లలో నన్ను కాళ్లు పెట్టుకోమంది.

"నోరులేని జీవి కాలుతోందని కాలెత్తి చెప్పింది. నోరున్న మీరేమో గోరువెచ్చన అన్నారట."

అందుచేత ఆ పూటే కృష్ణమ్మ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. అరచేతి వెనకభాగం రోడ్డుకు ఆనించి ఓర్చుకోగలిగితే తప్ప ఏ వేసవిలోనూ దివాన్‌ను గడప దాటించను. తెల్లవారుతూనే, గుంపులోనే, అందరి కుక్కల వెనకే నడుస్తాం.

తాతగారి వెండి పావుకోళ్లు అమ్మి వరండాలోకి కూలరు కొన్నాం.