జెలస్ అంటే రెండు మాటలు

నా చిన్నప్పుడు, వరుసగా రెండేళ్లు వానలు తప్పిన కాలంలో, మా ఇంట్లో ఒక నిర్ణయం జరిగింది. అది న్యాయమైన పద్ధతిలో జరగలేదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

మా పల్లె బడి అయిదో తరగతితో ఆగిపోయేది. ఆపై చదవాలంటే ఉరవకొండలో మేనత్త ఇంట్లో ఉండాలి. కరువు రోజులు కనుక ఒక్కరికి మాత్రమే అన్నం పెట్టగలనని ఆమె కబురు పంపింది. ఇంట్లో ఆ తరగతి ముగించిన ఆడపిల్లలం ఇద్దరం: నేను, మా చిన్నాయన కూతురు. నాకంటే కొన్ని నెలలే చిన్నదైనా వరసకు చెల్లెలు. చిన్నాయన పోయినప్పటి నుంచి ఆ పిల్ల భారం మా నాయనదే.

పక్కింటి అక్క క్రైస్తవ మిషనరీల బడిలో చదివి, టీచరు శిక్షణ ముగించుకుని వచ్చి, సాయంత్రాలు మా ఇద్దరికీ ఇంగ్లీషు చెప్పేది. ఎవరికి బాగా వస్తే వారినే పంపుతానని చెప్పి, పరీక్ష పెట్టే బాధ్యతను నాయన ఆమెకు అప్పగించాడు. ఆ మాట విన్న రోజు నుంచి చెల్లెలి పళ్లెంలో సంగటి ముద్ద నా ముద్దకన్నా పెద్దదిగా కనిపించసాగింది. ఆ పిల్ల పాఠం అప్పజెప్పినప్పుడు అక్క తల ఊపితే, నాకు రావలసినదేదో ఆమె ఎత్తుకుపోయినట్టుండేది.

అవి తొలకరికి ముందు విత్తనానికి వేరుశనగ ఒలిచే రోజులు. మేము వాటిని చెనిక్కాయలంటాం. కాయ ముక్కును వేళ్ల మధ్య నొక్కితే తొక్క విచ్చుకుంటుంది. తొందరపడితే గింజ పైపొర చిరుగుతుంది. పొర చిరిగిన గింజ మొలవదు, రొట్టెలోకి చట్నీ నూరుకోవడానికి తప్ప పనికిరాదు. అందుకే పెద్దవాళ్లు ఒలిచిన చాటలన్నిటినీ వేలితో కెలికి, చెడినవి ఏరి పక్కన పెట్టేవారు.

పరీక్ష నాడు అక్క తన అరుగు మీద మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, చెరొక చాట ఇచ్చి, ఒలుస్తూనే జవాబు చెప్పమంది. జె అక్షరంతో మొదలయ్యే జెలస్‌కు, జెడ్ అక్షరంతో మొదలయ్యే జెలస్‌కు అర్థాలు అడిగింది. మొదటిదానికి అసూయ అని ఇద్దరమూ చెప్పాం. రెండోది ఇద్దరికీ రాలేదు. నా మనసు జవాబు మీద లేదు, చెల్లెలి చాట మీద ఉంది. ఆమె చాట నిండుతున్నకొద్దీ నా వేళ్లు తొందరపడ్డాయి.

"అక్కా, నా చాట కావాలంటే తీసుకో. తొంగి చూసి చూసి నీ మెడ పట్టేట్టుండాది" అంది చెల్లెలు, తల ఎత్తకుండానే.

పక్కింటి అక్క నవ్వలేదు. నా చాటలో వేలు పెట్టి కెలికింది. సగానికి సగం చిరిగిన గింజలే. వాటిని వేరే కుప్పగా పోసి, మా ఇద్దరినీ వీపు వీపు తగిలేలా తిప్పి కూర్చోబెట్టింది. ఎదుట గోడ తప్ప నాకేమీ కనిపించలేదు. చూడడానికి ఇంకెవరూ లేక, నా చేతులనే చూసుకున్నాను. కాసేపటికి కాయ ముక్కు ఎక్కడ లొంగుతుందో వేలికే తెలిసింది. చాట సగం నిండేసరికి చెల్లెలున్న సంగతే మరిచిపోయాను.

అక్క మళ్లీ కెలికి చూసి, రెండు కుప్పలనూ నా ముందు పెట్టింది.

"ఇందాక నువ్వు ఒలిచింది జె మాట పాపా. ఇప్పుడు ఒలిచింది జెడ్ మాట, అంటే పని మీద పట్టుదల. మన నోట్లో రెండూ ఒగటే. చాటలో మాత్రం వేరే."

పొద్దు వాలుతుండగా నాయన ఒలిచిన గింజల మూట తీసుకుపోవడానికి వచ్చాడు. పరీక్ష సంగతి అక్కను ఒక్క మాటైనా అడగలేదు. బట్టలు సర్దుకోమని నేరుగా చెల్లెలికి చెప్పాడు. అప్పుడు నేను లేచి నిలబడి అడిగాను.

"నాయనా, దీన్నే పంపల్లని ముందే అనుకున్యావా?"

"అనుకున్యా. అమ్మే, అది తండ్రి లేని బిడ్డ. నిన్ను సాకేకి నేనుండా. దానికెవురుండారు?"

"అట్లయితే ఈ పరీక్ష ఎందుకు పెడ్తివి?"

నాయన మూట భుజానికెత్తుకుని ఇంటి దారి పట్టాడు.

చెల్లెలు ఎక్కిన ఎద్దుల బండి కనుమరుగయ్యేదాకా, చెయ్యి ఊపకుండా వాకిట్లోనే నిలబడ్డాను. అసూయ ఒక్క పూటలో పోతుందనేవారిని నేను నమ్మను. ఏడాదంతా అక్క అరుగు మీదే చదివాను. మరుసటి ఏడు కాస్త వాన పడగానే, నేను అడగకముందే నాయన నన్నూ బండెక్కించాడు. ఆ ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు అదేననుకుంటాను.

తండ్రి లేని పిల్లను పంపడం తప్పని నేనెన్నడూ అనలేదు. ముందే తేల్చుకుని, మా ఇద్దరినీ పోటీకి నిలబెట్టడమే తప్పు. ఆ తప్పు నాయనది. నేను నెలల తరబడి ద్వేషించింది మాత్రం నాలాగే ఏమీ తెలియని పిల్లను. అందుకే ఈ వయసులోనూ, నాకు దక్కనిది మరొకరి చేతిలో కనిపించి ఒళ్లు మండినప్పుడు, ఆ చేతిని చూడడం మాని, పంచినవారెవరని అడుగుతాను. అడిగేటప్పుడు గొంతు తగ్గించను.