మోరీలో పోసిన బగారా

తొర్రూరులో బగారా అన్నం అంటే జహీరా బేగం పేరే చెప్పేవారు. పెళ్లి ఎవరింట్లోనైనా సరే, ఆమె గుండిగ మూత తీసిందంటే వీధి చివరిదాకా ఘుమఘుమ. అంతటి చేతిని ఒక్క పూటలో ఎందుకూ కొరగాకుండా చేసిన మహానుభావుడు సోమనర్సయ్య, పత్తి వ్యాపారి.

ఆమె భర్త చాంద్‌పాషా లారీ డ్రైవరు. హెచ్‌ఐవి ముదిరి చనిపోయాడు. ఆమె నెత్తురులోనూ అది ఉందని అప్పుడే తేలింది. ఆ తర్వాత కొన్నాళ్లకు సోమనర్సయ్య పెద్దబిడ్డ పెళ్లి. బంతి కూర్చోబోతుండగా ఎవరో ఆ సంగతి అతని చెవిలో ఊదారు. అంతే, జహీరా వండిన అన్నం గుండిగను జీతగాళ్లతో మోయించి, ఊరంతా చూస్తుండగా మురికినీళ్ల మోరీలో పోయించాడు. తిండితో ఆ జబ్బు అంటుకోదని దవాఖానలో ఏ నర్సమ్మైనా చెబుతుంది. అడిగితే కదా! ఇక జహీరాను వంటకు పిలిచినవాడు లేడు. ఆరేళ్లు బీడీలు చుట్టి బతికింది. ఆ మోరీని మాత్రం మరిచిపోలేదు. మరిచిపోవాలని అనుకోనూ లేదు.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చి బస్సులు ఆగిపోయాయి. జహీరాలాంటివాళ్లు నెలనెలా వరంగల్ పోయి మందులు తెచ్చుకోవాలి. అవి మానేస్తే రోగం మళ్లీ లేచి కూర్చుంటుంది. ఆ జబ్బున్నవాళ్లు పెట్టుకున్న సంఘానికి పెద్ద, తండా మనిషి తుల్సీబాయి.

"మానుకోట నుంచి తొర్రూరు దాకా నడుద్దం. ఊరూరా డబ్బా పట్టి అడుగుదం. వచ్చిన పైసలతోని మందులకు జీపు మాట్లాడుదం, జబ్బున్న పిల్లలకు పాలు, గుడ్లు ఇద్దం. లారీ అడ్డల కాడ రక్తపరీక్షలు పెట్టిద్దం" అన్నదామె.

నడక ముగిసే రోజు తొర్రూరు చౌరస్తాలో ఉద్యమకారుల వంటావార్పు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తినడం. ఆ పూట వంట తనదని జహీరా ముందే పట్టుబట్టింది. అక్కడ మైకు పట్టేది ఎవరో ఆమెకు తెలుసు.

"తెలంగాణ మనుషులమంత ఒక్కటే. ఒక్క బంతిల కూసొని తిందం!" అని సోమనర్సయ్య గొంతు చించుకుని, టీవీవాళ్లకు బాగా కనబడేలా ముందు వరుసలో కూర్చున్నాడు. అన్నం బేసిన్‌తో జహీరా అతని ముందుకొచ్చి నిలబడింది. అతను గబుక్కున విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం సేటూ, ఒక్కటే బంతి అన్నవు గద. పెట్టన్నా?"

"నాకు ఆకలైతలేదు జహీరా. డబ్బాల పైసలేస్త తియ్."

"పైసలు తర్వాత ఎయ్యి. ముందుగాల విస్తరి మీదికెల్లి చెయ్యి తియ్."

కెమెరాలు ఇటు తిరిగాయి. బంతిలో ఒక్కరూ ముద్ద ఎత్తడం లేదు. సోమనర్సయ్య చెయ్యి తీశాడు. ఆమె విస్తరి నిండా పెట్టి, ఆఖరి మెతుకు దాకా అక్కడే నిలబడి తినిపించింది. తర్వాత మైకు తీసుకుని అతని మూతికి ఆనించింది.

"నువ్వు మోరీల పోపిచ్చిన బగారా గిదే సేటూ. ఎట్లుందో నలుగురికి చెప్పు."

"బాగుంది" అన్న మాట చౌరస్తాలోని మైకులన్నిట్లో వినబడింది. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. డబ్బాలు నిండాయి. ఆ వారమే జీపు వరంగల్ పోయి అందరి మందులూ తెచ్చింది. జహీరాకు మళ్లీ పెళ్లిళ్లకు పిలుపులు మొదలయ్యాయి.

సోమనర్సయ్య రెండో బిడ్డ పెళ్లి కుదిరినప్పుడు జీతగాడు ముత్తయ్య వచ్చాడు.

"అక్కా, సేటు నిన్నే వంటకు రమ్మన్నడు. పెండ్లోళ్లు నీ చెయ్యే కావాలంటున్నరు."

జహీరా ఎవరింటి పెళ్లికో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నేను రానని చెప్పు ముత్తయ్యా. నా బగారా గంత కావాల్నంటే, పోసిన మోరీలనే ఎతుక్కోమను."