ఒంటి చెప్పు అడగడానికి మానుకోట పోయిన రోజు

ఈ ప్రయాణం ఒక పందెంతో మొదలైంది. మాది జనగామ. స్టేషన్ రోడ్డులో మా దోస్తులం నలుగురం రోజూ పొద్దున చాయ్ తాగే చోటు ఒకటుంది. దాని పక్కనే ఒకప్పుడు గడియారాల దుకాణం, గొడుగులు బాగుచేసే దుకాణం, ఇత్తడి సామాన్ల దుకాణం వరసగా ఉండేవి. ఇప్పుడు ఆ మూడు షట్టర్ల మీదా కోచింగ్ సెంటర్ల పోస్టర్లే ఉన్నాయి. బేరమంతా బైపాస్ దిక్కు, అద్దాల షోరూముల్లోకి జరిగిపోయింది. షోరూములో దొరకనిది, పాత దుకాణంలో దొరికేది ఒక్కటి చూపించమని ఒక దోస్తు సవాలు విసిరాడు. నేను పదో తరగతి మూడుసార్లు రాసినవాణ్ణి. పుస్తకాల్లో దొరకని తెలివి నాకు ఎదుటివాణ్ణి తికమక పెట్టడంలో దొరికింది. రెండు చోట్లా దొరకని సరుకు అడిగి ఇద్దరినీ ఏడిపిస్తానని ఒక ప్లేటు మిర్చి బజ్జీల మీద పందెం కాశాను. ఆ సరుకు ఒంటి చెప్పు. జత కాదు, కుడి కాలిది ఒక్కటే.

ముందు మా ఊళ్లోనే షోరూముకు పోయాను. అక్కడి పిల్ల చాలా మర్యాదస్తురాలు. జత కొనుక్కొని ఒకటి పారేయండి సార్, ఈ వారం ఆఫర్ కూడా ఉందని చెప్పింది. పాత బజారులో మిగిలిన ఒకే ఒక్క చెప్పుల దుకాణాయన మాత్రం నా కాళ్ల వైపు, మొహం వైపు మార్చి మార్చి చూశాడు. "రెండు కాళ్ల మీద వచ్చినవ్. గట్లనే పోతవా, ఒకటి ఈడ్నే పెట్టి పోతవా?" అన్నాడు. రెండు కాళ్లతోనే వచ్చేశాను. ఇంకొక్కచోట అడిగితేనే పందెం లెక్కలోకి వస్తుందని దోస్తులు పట్టుబట్టారు. మానుకోట బజారులో ముప్పై ఏళ్ల పాత చెప్పుల దుకాణం ఉందని వాళ్లే చెప్పారు.

మానుకోట అంటే మహబూబాబాదే. బోర్డుల మీద పెద్ద పేరు, మాటల్లో చిన్న పేరు. జనగామ నుంచి పొద్దున రైలు పట్టుకుంటే కాజీపేట, వరంగల్ మీదుగా రెండు గంటల పైచిలుకులో దింపుతుంది. జనరల్ టికెట్ వంద లోపే. వరంగల్ దాటితే సీటు దొరుకుతుంది, అంతదాకా కిటికీ మీద ఆశ పెట్టుకోకండి. తొమ్మిదిన్నరకు దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, నడుచుకుంటూ బజారులోకి పోయాను. ఊరు జిల్లా కేంద్రమయ్యాక పెద్ద ఆఫీసులు ఊరి బయటికి పోయాయి, వాటి వెనకాలే జనం పోయారు. మూడు దుకాణాలకొకటి మూత. తెరిచినవాటిలో యజమానులు గుమ్మంలో కుర్చీ వేసుకొని రోడ్డును చూస్తున్నారు.

చెప్పుల దుకాణం ఒక పాత మిద్దె కింద ఉంది. మిద్దె ఓనరు కూలగొట్టి కాంప్లెక్స్ కడతాడట. నెలాఖరుకు ఖాళీ అని గోడ మీద సుద్దతో రాసి ఉంది. గల్లా దగ్గర అరవై దాటిన ఆవిడ, కళ్లద్దాలకు నల్లదారం కట్టుకొని కూర్చుంది. పేరు సత్తెక్క. బెంచీ మీద ఒక లంబాడీ ఆవిడ, పక్కన చంక కర్ర. నేను గొంతు సవరించుకొని కుడి కాలి చెప్పు ఒక్కటే కావాలన్నాను. తిట్టు కోసం, నవ్వు కోసం, కనీసం ఒక వింత చూపు కోసం ఎదురుచూశాను.

"ఏ నంబరు తమ్మీ?" అంది సత్తెక్క.

నోటికొచ్చింది నా నంబరే. ఏడు అన్నాను. ఎవరికని అడిగితే మా బావమరిదికన్నాను. ఎడమ కాలు మోకాలి కిందికి పోయిందా, పైకి పోయిందా అని అడిగింది. ఎందుకమ్మా ఆ సంగతి అంటే, ఒంటి కాలి మీద నడిచేవాళ్లు మడమ మీద బరువంతా వేస్తారని, మోకాలి పైకి పోయినవాళ్లకు మడమ కింద సైకిల్ టైరు ముక్క ఇంకొకటి ఎక్కువ వేయాలని చెప్పింది.  పైకే పోయిందన్నాను. ఆమె తలెత్తి దుకాణం కప్పు వైపు చూసింది. నేనూ చూశాను.

కప్పు నిండా కాళ్లు వేలాడుతున్నాయి. చెప్పుల డబ్బాల అట్ట మీద పెన్సిలుతో గీసి, కత్తిరించి, దారాలకు కట్టిన కాళ్లు. ఫ్యాను గాలికి మెల్లగా కదులుతున్నాయి. ఒక్కో అట్ట మీద ఊరి పేరు, ఒక గుర్తు. కొత్తగూడ, కొడకండ్ల, జఫర్‌గఢ్, ఇంకా నేను పేరు కూడా వినని తండాలు. వంకర కాళ్లు, వేళ్లు లేని కాళ్లు, ఒకటి ఎనిమిది, ఒకటి ఆరు ఉన్న కాళ్లు. రెండు చెప్పులు ఒక్కలాంటివి పట్టని వాళ్లందరికీ ఆమె దగ్గర జతగా ఇంకొకరున్నారు. ఇక్కడ ఎడమ కావలసినామె ఉంటే, ఎక్కడో కుడి కావలసినాయన ఉంటాడు. ఇద్దరికీ కలిపి ఒక జత. ఒకరినొకరు చూసుకోరు. ఎవరి సగం వాళ్లు తీసుకుపోతారు. ముప్పై ఏళ్లుగా ఇదే పని. నేను కప్పు కింద నోరు తెరుచుకొని నిలబడ్డాను. గుళ్లో కూడా అంతసేపు తలెత్తి నిలబడలేదు.

సత్తెక్క మాత్రం కప్పును చూడటం మానేసి బెంచీ మీది ఆవిడతో లంబాడీలో ఏదో అంది. ఆవిడ మొహం ఒక్కసారి వెలిగి, వెంటనే ముడుచుకుంది. ఆమె పేరు జమ్ని. కొత్తగూడ దగ్గరి తండా. చిన్నప్పుడు పాము కరిస్తే కుడి కాలు తీసేశారు. ఎడమ కాలికి ఏడో నంబరు మగవాళ్ల చెప్పే వేసుకుంటుంది, అడవి దారిలో అదే ఆగుతుందట. ఆమె జత మనిషి భూపాలపల్లిలో ఉంటాడు. ఓదెలు. షుగరుతో ఎడమ కాలు పోయింది, మిగిలిన కుడి కాలు ఏడు. ఆయన చెప్పు తీసుకుపోయే కూతురు హైదరాబాదు పోయింది, ఫోను నంబరు మారింది. మూడు నెలలుగా ఆయన జాడ లేదు. దుకాణం నెలాఖరుకు మూత. ఆలోగా జమ్నికి ఇంకో కుడి ఏడు వెతికి, ఇద్దరికీ ఒకరి ఫోను ఒకరికి ఇచ్చి పోవాలని సత్తెక్క తంటాలు పడుతోంది. అప్పుడు నేను పోయి కుడి ఏడు అడిగాను.

"దొరికిండు జమ్నీ, నీకు ఇగ ఫికరు లేదు," అంది సత్తెక్క. కొత్త జత డబ్బా తీసి మూత కూడా తెరిచింది.

జమ్ని నా వైపు చూడలేదు. "మరి భూపాలపల్లాయన? ఆయన్ని ఇడిచిపెడ్తవా సత్తెక్కా? నడుస్తుండో లేడో తెల్వకుంటనే?"

పన్నెండేళ్లుగా ఆమె కొత్త చెప్పు కోసం వచ్చినప్పుడల్లా కూతురు దుకాణంలో ఇచ్చిపోయిన ఆయన పాత చెప్పు అరుగుదల చూపించమని అడిగేదట. మడమ అరిగితే బాగా తిరుగుతున్నాడన్నట్టు. అరగకపోతే ఒంట్లో బాగులేదన్నట్టు. ఆయనా ఈమె చెప్పు అట్లాగే తిప్పి చూడమని కూతురికి చెప్పి పంపేవాడట. అదే వాళ్ల పరిచయం.

నాకు లేని బావమరిది గుండెల మీద కూర్చున్నాడు. అబద్ధమని చెప్పాను. పందెమని, బజ్జీలని అన్నీ చెప్పాను. సత్తెక్క అరవలేదు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నీ బావమరిది కాలు బాగనే ఉన్నదన్నట్టు. మంచిదే. నీ తలకాయకే ఏదన్న టైరు ముక్క వెయ్యాల్నేమో," అంది. జమ్ని నవ్వింది. నేను నవ్వలేదు, నాకు ఆ హక్కు లేదు. శిక్ష నేనే అడిగి వేయించుకున్నాను. సత్తెక్క మడమ కింద టైరు ముక్క వేసి ఇచ్చిన ఆ కుడి చెప్పు నేను భూపాలపల్లి తీసుకుపోవాలి. ఓదెలు నడుస్తున్నాడో లేడో చూసి ఫోను చేయాలి. జమ్ని ఎడమ చెప్పు తొడుక్కొని కొత్తగూడ బస్సుకు పోయింది.

మానుకోట నుంచి భూపాలపల్లికి ఒకే బస్సు కోసం కూర్చుంటే కూర్చున్నట్టే. నర్సంపేట పోయి మారండి, అక్కడి నుంచి మల్లంపల్లి మీదుగా ములుగు, ములుగులో ఇంకోసారి మారండి. పదకొండున్నరకు ఎక్కితే నాలుగు దాటింది. మూడు టికెట్లూ కలిపి రెండు వందల చిల్లర అయినట్టు గుర్తు. నర్సంపేట బస్టాండు బయట పప్పు, గోంగూర పచ్చడితో అన్నం పెట్టిన చోట కడుపు నిండా తిన్నాను. డబ్బా సంచిలో పట్టక చెప్పు ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే, ములుగు బస్సులో కండక్టరు రెండోది ఎక్కడ జారిపోయిందని అడిగాడు. అది కొత్తగూడలో నడుస్తోందన్నాను. అతను నాకు టికెట్ ఇచ్చి, అవతలి సీటు దాకా పోయి వెనక్కి తిరిగి చూశాడు.

భూపాలపల్లి బొగ్గు ఊరు. మెయిన్ రోడ్డు మీద రెండంతస్తుల అద్దాల దుకాణాలు లేస్తున్నాయి. కాలనీ గేటుకెదురుగా రేకుల కింద సైకిళ్లకు పంచర్లు వేసేవాడే ఓదెలని సత్తెక్క గుర్తు చెప్పింది. ఒక్కసారి అడగ్గానే చూపించారు. యాభై ఐదేళ్లుంటాయి. కర్ర గోడకు ఆనించి, కింద కూర్చొని ట్యూబు నీళ్లలో ముంచుతున్నాడు. కాలికి కొత్త చెప్పు ఉంది. షోరూముది.  ఇంత దూరం మోసుకొచ్చింది ఆయనకు అక్కర్లేదన్నమాట.

సత్తెక్క పంపిందని చెప్పి చెప్పు ఇచ్చాను. ఆయన మడమ తిప్పి చూసి, టైరు ముక్కను బొటనవేలితో నొక్కాడు. దుకాణం మూసేసిందని ఎవరో అంటే నిజమనుకున్నాడట. ఇక్కడే జత కొన్నాడు. అది జారుతోందట.

"అన్నా, జత కొన్నవు గదా. ఎడమది ఏం జేసినవ్?" అన్నాను. పారేశానంటాడని అనుకున్నాను.

ఆయన వెనక రేకు వైపు చెయ్యి చూపించాడు. మేకుకు న్యూస్‌పేపరులో చుట్టిన పొట్లం వేలాడుతోంది. విప్పాను. ఎడమ కాలి చెప్పు, ఏడో నంబరు, నేల తాకనిది.

"గా దిక్కు ఒక కాలున్నది గదా," అన్నాడు. "పేరు తెల్వది, ఊరు తెల్వది. ఎవరన్న రాకపోతరా అని పెట్టిన."

ఆయన షోరూముది విప్పి సత్తెక్క చెప్పు తొడుక్కున్నాడు. కర్ర అందుకొని రోడ్డు దాకా పోయి వచ్చాడు. నేను మానుకోటకు ఫోను చేశాను. సత్తెక్క ఎత్తగానే ఒకే మాట అడిగింది. నడుస్తున్నాడన్నాను.  ఓదెలు ఫోను అడిగి తీసుకొని, దుకాణం మూస్తే మూయనీ అక్కా, మా ఇద్దరి అట్టలు మాత్రం నాకు పంపమన్నాడు. టైరు తన దగ్గరే ఉందన్నాడు.

మన ఊళ్ల నడిబజార్లు ఎందుకు పోతున్నాయో చెప్పే చదువు నాకు లేదు. షోరూములో ఆ పిల్ల తప్పేమీ చెప్పలేదు, పారేయడమే అక్కడి పద్ధతి. నాకు తెలిసిందల్లా ఒకటే. ఒక షట్టరు పడితే దాని వెనక సరుకు ఒక్కటే పోదు. ఎవరికి ఏ కాలు లేదో, ఆ లేనిదాన్ని ఎక్కడి నుంచి తెచ్చి కలపాలో తెలిసిన తలకాయ పోతుంది. పందెం నేనే ఓడాను. బజ్జీలు నేనే తినిపించాను, ఎందుకో మాత్రం దోస్తులకు ఇప్పుడు ఇక్కడ చదివితేనే తెలుస్తుంది. ఓదెలు దాచిన ఎడమ చెప్పు నా సంచిలోనే ఉంది, జమ్నికి ఇవ్వడానికి ఈ వారం కొత్తగూడ పోతున్నాను.

మానుకోట పోయేవాళ్లు నెలాఖరు లోపే పొండి. సత్తెక్క ఒంటి గంటకు అన్నానికి దుకాణం మూస్తుంది, పొద్దున పదింటికే చేరుకోండి. మీ ఇంట్లో గానీ వాడలో గానీ జత పట్టని కాలు ఎవరిదైనా ఉంటే, ఒక అట్ట మీద ఆ కాలు పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీసి తీసుకుపొండి. కొలత నంబరు చాలదు.